హజిఫ్

హజిఫ్ అనగా సూదులు, దారాలు, గుండీలు, చిన్న కత్తెర మొదలైన కుట్టుపని సామగ్రిని అరలలో అమర్చి, మడతగానో చుట్టగానో చేసి జేబులో ఉంచుకొనే గుడ్డ సంచి. 18వ శతాబ్దం నుండి 20వ శతాబ్దం మధ్యకాలం వరకు బ్రిటన్, అమెరికా దేశాలలో గృహిణులు, ప్రయాణికులు, నావికులు, సైనికులు దీనిని విరివిగా వాడారు. పొడవైన గుడ్డ పట్టీకి లోపలివైపు అరలు కుట్టి, ఒక చివర సూదులు గుచ్చుకొనే ఉన్నిగుడ్డ ఆకులు అమర్చి, మూసిన తరువాత నాడాతోగాని గుండీతోగాని బిగించడం దీని సాధారణ రూపం. మన పల్లెలలో పెద్దవారు మొలలో దోపుకొనే ఆకువక్కల సంచిని చూసినవారికి దీని అమరిక తేలికగా అర్థమవుతుంది. అందులో ఆకుకు, వక్కకు, సున్నపు కాయకు వేరువేరు అరలున్నట్లే ఇందులో సూదికి, దారానికి, గుండీకి వేరువేరు స్థానాలుంటాయి. ఇటీవలి దశాబ్దాలలో ఈ సంచిని క్రాస్ స్టిచ్ పనితో అలంకరించి తయారు చేయడం చేతిపని అభిమానులలో ఆదరణ పొందింది.

పేరు

ఆంగ్లంలో గృహిణి అనే అర్థమిచ్చే "హౌస్‌వైఫ్" అనే మాటే ఈ సంచికీ పేరు. ఆ మాటను పూర్వం "హజిఫ్" అని కుదించి పలికేవారు. కాలక్రమేణా మనిషిని సూచించేటప్పుడు పూర్తి ఉచ్చారణ స్థిరపడగా, సంచిని సూచించేటప్పుడు మాత్రం పాత ఉచ్చారణ మిగిలిపోయింది. సిగ్గులేనిదని స్త్రీని నిందించడానికి ఆంగ్లంలో వాడే "హస్సీ" అనే మాట కూడా ఈ మూలం నుండి పుట్టినదే. ఒకే పదం నుండి గౌరవవాచకం, నిందావాచకం, ఒక సూదుల సంచి పేరు పుట్టడం భాషాచరిత్రలోని చిత్రాలలో ఒకటి. సైనికుల సామాన్ల జాబితాలలో తువ్వాలు, క్షౌరపు కత్తి, పళ్ళ కుంచెల నడుమ "గృహిణి – ఒకటి" అని ఉండడం బారకాసులలో హాస్యానికి తావిచ్చేది.

చరిత్ర

సూదులను భద్రపరచుకొనే గొట్టాలు, పెట్టెలు చాలా ప్రాచీనమైనవి. లోహంతోనో దంతంతోనో చేసిన చిన్న పెట్టెలు ఐరోపా సంపన్న స్త్రీల వద్ద ఉండేవి. గుడ్డతో చేసిన హజిఫ్ వాటికి భిన్నమైనది. దానికి ఖర్చు లేదు. దుస్తులు కుట్టగా మిగిలిన పీలికలే దానికి ముడిసరుకు. అందువలన 18వ శతాబ్దపు హజిఫ్‌లలో ఎక్కువ భాగం రకరకాల అద్దకపు గుడ్డముక్కలను అతికి కుట్టినవే. వస్త్రచరిత్రకారులకు ఇవి విలువైన ఆధారాలు కావడానికి కారణమిదే. సామాన్యులు కట్టిన బట్టలు చిరిగి మట్టిలో కలిసిపోయినా, వాటి ముక్కలు ఈ సంచులలో నిలిచి ఉన్నాయి.

ఆనాటి సాహిత్యంలోనూ వీటి ప్రస్తావన ఉంది. లారెన్స్ స్టెర్న్ 1768లో ప్రచురించిన "ఎ సెంటిమెంటల్ జర్నీ"లో ఒక పరిచారిక తన చిన్న హజిఫ్ తీసి, సూదిలో దారం ఎక్కించి, కథకుని మెడపట్టీ కుచ్చెళ్ళను అక్కడికక్కడే కుట్టిపెడుతుంది. జేన్ ఆస్టెన్ నవల "ఎమ్మా"లో మిస్ బేట్స్ అనే పాత్ర తన హజిఫ్ కింద పెట్టి మరచిన ఉత్తరం కోసం వెతుకుతుంది. ఆస్టెన్ స్వయంగా మంచి కుట్టుపనిమంతురాలు. 1792 జనవరిలో, ఊరు విడిచి వెళుతున్న తన స్నేహితురాలు మేరీ లాయిడ్‌కు ఆమె ఒక చిన్న సంచి కుట్టి ఇచ్చింది. ఆ సంచిలో చుట్టగా చుట్టిన బుల్లి హజిఫ్, అందులో అతి సన్నని సూదులు, దారం, ఒక చిన్న అరలో స్వయంగా రాసిన పద్యం ఉన్న కాగితం ఉన్నాయి. మేరీ లాయిడ్ తరువాత ఆస్టెన్ అన్నగారిని వివాహమాడింది. ఆమె కుమారుడు జేమ్స్ ఎడ్వర్డ్ ఆస్టెన్-లీ రాసిన 1870 నాటి జీవితచరిత్రలో ఈ కానుక వర్ణన ఉంది. ఎన్నడూ వాడకుండా దాచినందువలన అది అప్పటికీ కొత్తదిగానే ఉన్నదని ఆయన రాశాడు. అయితే హజిఫ్ అసలు పుట్టింది వాడి అరగదీయడానికే.

సగం సూదుల సంచి

ఈ వస్తువుకు సంబంధించి అన్నిటికంటే గుర్తుంచుకోదగిన ఉదాహరణ లండన్ లోని ఫౌండ్లింగ్ హాస్పిటల్ దస్త్రాలలో ఉంది. పేరులో హాస్పిటల్ అని ఉన్నా ఇది వైద్యశాల కాదు. పోషించలేని తల్లులు విడిచిన పసిపిల్లలను పెంచే శరణాలయం. థామస్ కోరమ్ కృషితో 1739లో రాజశాసనం పొంది, 1741లో పిల్లలను చేర్చుకోవడం మొదలుపెట్టింది. శిశువును అప్పగించేటప్పుడు తల్లి పేరు నమోదు చేసేవారు కాదు. పిల్లవానికి కొత్త పేరు పెట్టేవారు. తల్లి ఎన్నడైనా తిరిగివస్తే బిడ్డను గుర్తించడానికి ఒక ఆనవాలును, చాలాసార్లు ఒక గుడ్డముక్కను, చేరిక పత్రానికి జతచేసేవారు. అట్టి గుడ్డముక్కలు వేల సంఖ్యలో నేటికీ భద్రంగా ఉన్నాయి.

1767 ఫిబ్రవరిలో చేరిన ఒక మగశిశువు పత్రానికి జతచేసినది సగానికి కత్తిరించిన ఒక సూదుల సంచి. రకరకాల గుడ్డముక్కలను అతికి చేసిన ఆ సంచిపై దారంతో కుట్టిన హృదయాకారం కూడా కత్తెర వేటుకు రెండుగా విడిపోయింది. ఒక సగం బిడ్డతో వెళ్ళింది. రెండవ సగం తల్లి వద్ద ఉండిపోయింది. ఆ తల్లి పేరు సారా బెండర్ అని మనకు తెలియడానికి కారణం ఆమె తిరిగి రావడమే. 1775లో, అంటే ఎనిమిదేళ్ళ తరువాత, ఆమె తన కుమారుని తిరిగి తీసుకువెళ్ళింది. ఇది ఎంత అరుదైన సంఘటనో చెప్పడానికి ఒక లెక్క చాలు. 1741 నుండి 1760 వరకు ఆ శరణాలయంలో చేరిన 16,282 మంది శిశువులలో తిరిగి కన్నవారి చేతికి చేరినవారు 152 మంది మాత్రమే. చరిత్రకారుడు జాన్ స్టైల్స్ ఈ గుడ్డముక్కలను అధ్యయనం చేసి 2010లో లండన్ లోని ఫౌండ్లింగ్ మ్యూజియంలో ఒక ప్రదర్శన ఏర్పాటు చేయడంతో ఇవి ప్రపంచ దృష్టికి వచ్చాయి.

నిత్యం చేతిలో ఉండే, తన చేత్తో తానే కుట్టుకొన్న వస్తువు కనుకనే పేద తల్లి దానిని ఆనవాలుగా ఎంచుకొని ఉండాలి. కొనుగోలు చేసిన వస్తువుకు జత దొరకవచ్చు. ఇంటి పీలికలతో కుట్టిన సంచికి జత దొరకదు.

సైన్యంలో హజిఫ్

ఇల్లు విడిచి వెళ్ళిన పురుషునికి చినిగిన చొక్కా కుట్టిపెట్టేవారుండరు. అందువలన సైనికులు, నావికులు హజిఫ్‌ను వెంట ఉంచుకొనేవారు. అమెరికా అంతర్యుద్ధ కాలంలో (1861–65) ఇరుపక్షాల స్త్రీలు తమ ఇంటి మగవారికోసం వీటిని కుట్టి ఇచ్చారు. ఆనాటివి పలు అమెరికా సంగ్రహాలయాలలో ఉన్నాయి. పట్టుగుడ్డతో, తోలుతో, పాత దుస్తుల ముక్కలతో చేసినవి వాటిలో కనిపిస్తాయి. బ్రిటిష్ సైన్యం రెండు ప్రపంచయుద్ధాలలోనూ తన సైనికులకు తెల్లని నూలుగుడ్డతో చేసిన హజిఫ్‌ను అధికారిక సామగ్రిలో భాగంగా ఇచ్చింది. అందులో సూదులు, వేలితొడుగు, అట్టకు చుట్టిన నారదారం, మేజోళ్ళను రఫ్ఫు చేసుకోవడానికి బూడిదరంగు ఉన్ని, చొక్కాకు, యుద్ధదుస్తులకు కావలసిన గుండీలు ఉండేవి. వీటిపై అలంకరణ ఏమీ ఉండదు. అలంకరణ ఉన్నదంటే అది ప్రభుత్వమిచ్చినది కాదు, ఇంటివారిచ్చినది అని పోల్చుకోవచ్చు.

హోటళ్ళ గదులలో కనబడే అగ్గిపెట్టె అట్ట వంటి చిన్న కుట్టుసామగ్రి పొట్లం హజిఫ్‌కు దూరపు వారసుడు.

క్రాస్ స్టిచ్ తో సంబంధం

క్రాస్ స్టిచ్ అనగా గుడ్డ నేతలోని గళ్ళను లెక్కించుకొంటూ, ప్రతి గడిలో రెండు ఏటవాలు కుట్లను గుణకారపు గుర్తు వలె ఒకదానిపై ఒకటి వేయడం. గళ్ళ కాగితంపై గీసిన ఏ నమూనానైనా ఈ విధంగా గుడ్డపైకి ఎక్కించవచ్చు. ప్రపంచంలో అనేక జాతులు ఈ కుట్టును స్వతంత్రంగా వాడుతున్నాయి. ధార్వాడ ప్రాంతపు కసూతి పనిలో వాడే నాలుగు కుట్లలో ఒకటైన "మెంతె" ఇదే. మిగిలిన మూడు గావంతి, ముర్గి, నేగి.

నిజానికి పాతకాలపు హజిఫ్‌లపై క్రాస్ స్టిచ్ పని అంత ఎక్కువ కాదు. అతుకు పని, జ్వాలల ఆకారంలో సాగే నిలువు కుట్టు ఎక్కువగా కనిపిస్తాయి. అయితే ఈ రెండింటినీ కలిపే దారి ఒకటుంది. ఐరోపాలో బాలికలకు మొదట నేర్పే కుట్లలో క్రాస్ స్టిచ్ ఒకటి. దుప్పట్లు, తువ్వాళ్ళు చాకింటికి వెళ్ళినప్పుడు మారిపోకుండా వాటి మూలల్లో ఇంటివారి పేరులోని మొదటి అక్షరాలను ఈ కుట్టుతోనే గుర్తుపెట్టేవారు. అందుకే దీనికి "గుర్తుల కుట్టు" అనే పేరు కూడా ఉండేది. అక్షరమాల, అంకెలు, చిన్న బొమ్మలు అభ్యసించిన నమూనా గుడ్డలు అనేకం లభ్యమవుతున్నాయి. వాటిలో తేదీ ఉన్న బ్రిటిష్ నమూనాలలో మొదటిదిగా పేరొందినది 1598లో జేన్ బోస్టాక్ కుట్టినది. అది లండన్ లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. 19వ శతాబ్దంలో బెర్లిన్ ఉన్ని పని పేరుతో రంగుల నమూనా కాగితాలు వ్యాపించాక, రంధ్రాలున్న గట్టి కాగితంపైన కూడా క్రాస్ స్టిచ్ వేసి సూదుల పుస్తకాలు చేసేవారు. నేటి క్రాస్ స్టిచ్ హజిఫ్ ఈ సంప్రదాయాల కలయిక. దానిపై యజమాని పేరులోని అక్షరాలు, సంవత్సరం కుట్టడం ఆ పాత గుర్తుల కుట్టుకు కొనసాగింపే.

గుడ్డ, దారం, సూది

ఈ పనికి నిలువు, అడ్డం పోగులు సమాన సంఖ్యలో ఉన్న గుడ్డ కావాలి. జర్మనీకి చెందిన స్వైగార్ట్ సంస్థ 1890 ప్రాంతంలో ప్రవేశపెట్టిన "ఐదా" గుడ్డలో గళ్ళు స్పష్టంగా కనిపిస్తాయి. అంగుళానికి 14 గళ్ళున్న రకం ఎక్కువగా వాడుకలో ఉంది. 11, 16, 18 గళ్ళ రకాలు కూడా లభిస్తాయి. మన దుకాణాలలో మ్యాటీ గుడ్డ పేరుతో అమ్మేదానిపై కూడా క్రాస్ స్టిచ్ వేయవచ్చు. కాని దాని గళ్ళు కొన్నిసార్లు సరి చతురస్రాలుగా ఉండవు. పని మొదలుపెట్టేముందు రెండు దిశలలోనూ అంగుళానికి గళ్ళు లెక్కపెట్టి చూడడం మంచిది, లేకపోతే గుండ్రని పువ్వు కోడిగుడ్డు ఆకారంలో వస్తుంది. ఐదా కొంచెం బిరుసుగా ఉంటుంది. మూడు మడతల సంచికి అది పనికివస్తుంది. చుట్టగా చుట్టే సంచికి మాత్రం అంగుళానికి 28 పోగులున్న నార గుడ్డపై రెండేసి పోగులమీదుగా కుట్టడం మేలు. అప్పుడు కూడా అంగుళానికి 14 కుట్లే పడతాయి, గుడ్డ మాత్రం మెత్తగా ఒదుగుతుంది.

ఎంబ్రాయిడరీ దారపు లచ్చి సాధారణంగా 8 మీటర్లుంటుంది. అందులోని ఆరు పోగులను విడదీసి రెండేసి చొప్పున వాడితే ఒక లచ్చి నుండి 24 మీటర్ల దారం వస్తుంది. సూది మొన మొద్దుగా ఉన్నది (14 గళ్ళ గుడ్డకు 24 నంబరు) వాడాలి. వాడిమొన సూది పోగులను చీల్చి కుట్టును వంకర చేస్తుంది. ఇందులో చిన్న విచిత్రం ఉంది. ఏ సూదితో ఈ సంచిని అలంకరిస్తామో ఆ సూది తరువాత దానిలో ఉండి చేసే పని దాదాపు ఏమీ లేదు. గుండీ కుట్టడానికి, చిరుగు కలపడానికి వాడిమొన సూదులే కావాలి.

కొలతలు

4 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల పొడవు ఉండి మూడు మడతలుగా మూసుకొనే సంచిని ఉదాహరణగా తీసుకొందాం. 14 గళ్ళ గుడ్డపై ఇది అడ్డం 56, నిలువు 168 కుట్ల వైశాల్యం. మొత్తం నింపితే 9,408 కుట్లు. గంటకు నూరు కుట్లు వేసే వ్యక్తికి 94 గంటల పని. ఇంత శ్రమ అవసరం లేదు. అంత దారం చేరితే సంచి మందమై మడత పడదు కూడా. మూసినప్పుడు పైకి కనిపించే పలకపై అన్నివైపులా అర అంగుళం విడిచి 42 అడ్డం, 42 నిలువు కుట్ల బొమ్మను వేసుకొంటే 1,764 కుట్లతో సరిపోతుంది. గుడ్డను కత్తిరించేటప్పుడు నాలుగు వైపులా రెండేసి అంగుళాలు అదనంగా ఉంచి 8 × 16 అంగుళాల ముక్క తీసుకోవాలి. అంచు పోగులు ఊడిపోకుండా ముందుగానే చుట్టుకుట్టు వేయాలి. కుట్టుపని ముగిశాక అంచును అర అంగుళానికి తగ్గించవచ్చు.

మూడు పలకలను సరిసమానంగా విభజించడం చాలామంది చేసే పొరపాటు. లోపలికి మడిచే పలకను పావు అంగుళం తగ్గించి, ఆ పావును పైకప్పుకు కలపాలి. లోపల సామగ్రి చేరినప్పుడు బయటి మడత చుట్టిరావలసిన దూరం పెరుగుతుంది. ఈ మార్పు చేయకపోతే ఖాళీ సంచి చక్కగా మూసుకొంటుంది, నిండిన సంచి నోరు తెరుచుకొంటుంది.

బొమ్మ దిశ

క్రాస్ స్టిచ్ వచ్చినవారు కూడా తడబడే చోటు ఇదే. బల్లపై పరచిన గుడ్డపై మూడు పలకలలోనూ బొమ్మలను ఒకే దిశలో కుడితే, మడిచిన తరువాత కొన్ని తలకిందులవుతాయి. సంచిని బయటివైపు పైకి కనబడేలా నిలువుగా పరచి చూడాలి. మధ్య పలక మూసిన సంచికి వీపు. దాని పై పలక ముందుకు వాలే కప్పు. కప్పుకూ వీపుకూ మధ్యనున్న మడత, మూసిన సంచికి నెత్తి అవుతుంది. కనుక రెండు పలకలలోనూ బొమ్మ తల ఆ మడతవైపే ఉండాలి. అంటే వీపు బొమ్మ నిటారుగా ఉంటే, కప్పు బొమ్మను తలకిందులుగా కుట్టాలి. అడుగు పలక లోపలికి మడిచి, కప్పు ఎత్తగానే కనిపించేది. దానికి కింది మడత పాదమవుతుంది కనుక అక్కడా తలకిందులుగానే కుట్టాలి. అక్షరాలు కుట్టేవారు ఒక కాగితపు పట్టీని అలాగే మడిచి, మూసి, ఒక్కో పలకపై బాణం గుర్తు వేసి, విప్పి చూసుకొంటే గంటల శ్రమ వృథా కాదు.

కుట్టే విధానం

గుడ్డను పొడవుగా, అడ్డంగా నాలుగు మడతలు పెట్టి బొమ్మ పలక మధ్య బిందువును గుర్తించి అక్కడినుండి మొదలుపెట్టాలి. మడతలు పడే గీతల వెంట దూరకుట్లు వేసి ఉంచుకొంటే హద్దు తెలుస్తుంది. ఆ గీతకు అటూ ఇటూ రెండేసి గళ్ళు ఖాళీగా వదలాలి. మడతపై వేసిన కుట్లు రాపిడికి త్వరగా తెగుతాయి. మొత్తం పనిలో పైన పడే ఏటవాలు కుట్టు ఒకే దిశలో ఉండడం ముఖ్యం. దిశ మారితే వెలుగు వేరుగా పడి, రంగు ఒకటే అయినా మచ్చలు పడినట్లు కనిపిస్తుంది. ఒక వరుస అంతా సగం కుట్లు వేసి తిరుగుప్రయాణంలో పూర్తిచేయవచ్చు, లేదా ఒక్కొక్కటే పూర్తిచేసుకొంటూ పోవచ్చు. వెనుక ముడులు వేయరాదు. అస్తరు కప్పేస్తుంది కదా అని ముడి వేస్తే, సంచి మడిచినప్పుడు అది బయటివైపు పొక్కులా తేలుతుంది. దారపు కొనను నాలుగైదు కుట్ల కిందుగా దూర్చి కత్తిరించాలి.

ఎర్ర దారాలతో జాగ్రత్త అవసరం. ముదురు ఎరుపు రంగు దారం ముక్కను ముందుగా తడిపి తెల్లగుడ్డపై ఒత్తి చూడాలి. రంగు దిగితే దానిని విడిగా చన్నీటిలో జాడించాకనే వాడాలి. పని అయ్యాక చన్నీటిలో ఉతికి, మెత్తని తువ్వాలుపై బోర్లించి వెనుకవైపు ఇస్త్రీ చేయాలి.

అరలు అమర్చి ముగించడం

అలంకరణ పూర్తయ్యే వరకు అరలు కుట్టరాదు. సన్నని నూలుగుడ్డను అస్తరుగా, సంచి కొలతకే కత్తిరించి, దానిపై ముందుగా అరలు అమర్చాలి. దారపు అట్టకు వెడల్పైన అర, గుండీలకు పైన కప్పున్న అర, కత్తెరకు మొన దిగిపోకుండా అడుగున రెండు వరుసల కుట్టు వేసిన అర ఉండాలి. సూదుల కోసం ఉన్ని ఫ్లానెల్ ఆకులు రెండు చాలు. నూలుగుడ్డ తేమను పట్టి ఉంచి సూదులకు తుప్పు తెస్తుంది. ఉన్నిలో సహజంగా ఉండే కొవ్వు పదార్థం లోహాన్ని కొంత కాపాడుతుంది. సముద్రతీరపు ఊళ్ళలో ఈ తేడా తొందరగానే తెలుస్తుంది. పాతకాలంలో తుప్పు వదిలించడానికి కురుందపు పొడి నింపిన స్ట్రాబెర్రీ ఆకారపు చిన్న దిండును సంచికి వేలాడదీసేవారు. సూదిని అందులో రెండుసార్లు గుచ్చి తీస్తే మొన శుభ్రపడేది.

అస్తరును, క్రాస్ స్టిచ్ గుడ్డను లోపలి ముఖాలు ఎదురెదురుగా పెట్టి, చుట్టూ ఏటవాలుగా కత్తిరించిన గుడ్డ పట్టీతో పైపింగు వేయడం పాత పద్ధతి. రెండింటినీ తిరగవేసి కుట్టి బయటకు లాగడం తేలికే అయినా ఐదా గుడ్డ మూలలు దిబ్బలుగా మిగులుతాయి. పైపింగు వేసేటప్పుడే కప్పు అంచు మధ్యలో నాడానుగాని, గుండీ ఉచ్చునుగాని చేర్చాలి. నాడాయే మెరుగు. సామగ్రి పెరిగినా తరిగినా అది సర్దుకొంటుంది, గుండీ ఒక్క కొలతకే సరిపోతుంది.

తెలుగునాట

హజిఫ్ తెలుగువారి సంప్రదాయ వస్తువు కాదు. ఇళ్ళలో సూదిదారాలు సాధారణంగా పాత బిస్కట్ల డబ్బాలోనో, గోడకు తగిలించిన క్యాలెండరుకు గుచ్చో ఉంటాయి. ప్రయాణాలలో పిన్నీసులే ఆపద్బంధువులు. అయితే గుడ్డను మడిచి, కుట్టుపనితో నింపి, నిత్యవస్తువులు దాచుకొనే సంచిగా చేసే విద్య ఇక్కడ లేకపోలేదు. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలోని లంబాడీ స్త్రీలు దట్టమైన కుట్టుపనితో సంచులు చేస్తారు. చతురస్రపు గుడ్డ మూలలను మధ్యకు మడిచి, తపాలా కవరు వలె కుట్టే పద్ధతి బంజారాల సంచులలో కనిపిస్తుంది. హజిఫ్‌కూ వీటికీ చారిత్రక సంబంధం లేదు. పోలిక మడతలో ఉంది, గవ్వలు, అద్దాలు పొదిగిన ఆ పనిలోని కుట్లు వేరు.